ఓర్పు గీత

తెనాలి ప్యాసింజరును వియన్నాలో ఎక్కిన మొదటి మనిషి ఒక స్విట్జర్లాండు ప్రొఫెసరు. మంచి పొడగరి, బట్టతల, మెడలో సభవాళ్ళు వేసిన బిళ్ళ. హైమవతి అతని కోటు విప్పించి, బూడిదరంగు చొక్కా ఒకటి తొడిగి, గొంతు దాకా గుండీలు పెట్టింది. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి కంప్యూటరు మీద ఒక మీట నొక్కింది. గుంటూరు వెళ్ళే పొద్దుటి బండిలో, మహిళల పెట్టెలో, తలుపుకీ జనానికీ మధ్య నిలబడిన ఒకావిడ ఒంటి మీద పడిన బరువంతా ఆ చొక్కాలోకి వచ్చింది.

సభలో అందరూ ముందుకు వంగారు. ప్రొఫెసరు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోదీ తెరిచి నవ్వేశాడు.

"ఇంతేనా?" అన్నాడు. "మా ఊరి ట్రాములో నేను ఇంతకంటే ఎక్కువ నలుగుతాను."

సభంతా నవ్వింది. హైమవతీ నవ్వింది. ఆ నవ్వు కోసం ఆమె ఏడాదిగా ఎదురుచూస్తోంది.

ఏడాది కిందట ఇదే హాల్లో, రైలు ప్రయాణాల మీద ఇలాంటి సభలోనే, ఎవరో తెర మీద ఒక బొమ్మ వేశారు. మన రైలు. తలుపులకి గుత్తులు గుత్తులుగా వేలాడుతున్న మనుషులు. ఎవరూ ఏమీ అనలేదు. పక్కన కూర్చున్న డెన్మార్కు శాస్త్రవేత్త ఇంగ్రిడ్ మాత్రం హైమవతి చేతి మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కింది. ఎవరింట్లోనో మనిషి పోతే నొక్కినట్టు నొక్కింది. ఒక మాట తిట్టి ఉంటే తిరిగి తిట్టొచ్చు. జాలిని ఏం చేసుకోవాలి? హైమవతి ఆ రోజు భోజనానికి కూడా వెళ్ళకుండా గదిలో కూర్చుంది, సిగ్గుతో చెవులు కాలిపోతుంటే.

భారమాపకం అని పేరు పెట్టిన ఈ చొక్కా ఆ సిగ్గులోంచే పుట్టిందని ఆమె ఎవరికీ చెప్పలేదు. అందరికీ చెప్పింది వేరు. ఏ దేశం లెక్క ఆ దేశానిది, బండి ఎన్ని నిమిషాలు ఆలస్యం, పెట్టెలో ఎంతమంది, కిలోమీటరుకి ఛార్జీ ఎంత అని కాగితాల మీద ఎన్నైనా పోల్చుకోవచ్చు, కానీ అవన్నీ కలిసి ఒక ఒంటి మీద పడితే ఎలా ఉంటుందో ఏ కాగితమూ చెప్పదు అని చెప్పింది. అదీ నిజమే. ఒత్తిడినీ, చెమటనీ, ఊపిరినీ పసిగట్టే దారంతో గుంటూరు ల్యాబులో చొక్కా నేయించింది. ఒకరి ఒంటి మీద పడినది అందులో నిలిచిపోతుంది. తర్వాత ఇంకొకరికి తొడిగితే, దారాల కింద ఉన్న గాలి సంచులు ఉబ్బి, అదంతా వాళ్ళ ఒంటి మీద మళ్ళీ పడుతుంది.

ఆ మధ్యాహ్నం సభికులు వంతుల వారీగా దేశదేశాల రైళ్ళెక్కారు. టోక్యో పొద్దుటి బండి రొట్టెపిండిని పిసికినట్టు పిసికింది, కానీ తొందరగా వదిలేసింది. పైగా బండి కాస్త ఆలస్యమైతే ఎవరో క్షమించమని అడిగేవారట, ఆ మాట వినపడగానే చొక్కా వదులవడం అందరికీ తెలిసింది. జర్మనీ బండిలో కూర్చున్నవాడికి సోఫాలో కూర్చున్నంత సుఖం, అయినా చెమటంతా కోపమే. పొలాల మధ్య బండి ఆగిపోయి, ఎందుకాగిందో చెప్పే దిక్కు లేదు. ఇంగ్లండుకి వచ్చేసరికి గుండె ఎగిసిపడింది బండిలో కాదు, టికెట్టు కిటికీ దగ్గర. ఇక డెన్మార్కు సంగతి ఇంగ్రిడే చెప్పింది. "మావాళ్ళు చొక్కా తొడుక్కోక ముందే దాని మీద ఫిర్యాదు రాసిచ్చారు."

చివరికి తెర మీద భారాంకాలు వచ్చాయి. ఆలస్యం, రద్దీ, ఛార్జీ, మూడింటి భారమూ కలిపితే అన్నిటికంటే తక్కువ పడింది మనకి. మొదటి స్థానం. నవ్విన నాపచేనే పండుతుందని హైమవతి మనసులో అనుకుంది. ఇంగ్రిడ్ వచ్చి ఈసారి చెయ్యి నొక్కలేదు, కరచాలనం చేసింది.

అయితే ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. బరువుని కొలవాలంటే ముందు దేంతో కొలవాలో తేలాలి. ఒక్కో మనిషికి ఒక్కో ఓర్పు. అందుకని రైలెక్కించే ముందు చొక్కా తొడిగి, గాలి సంచులు నెమ్మదిగా నింపుతూ, 'ఇబ్బందిగా ఉందా?' అని అడుగుతూ పోతారు. 'ఇక చాలు' అన్న చోట ఒక గీత పడుతుంది. దానికి హైమవతే ఓర్పు గీత అని పేరు పెట్టింది. ఆ తర్వాత రైల్లో పడినదంతా ఆ గీతతోనే కొలుస్తారు. ఇంకొకరికి తొడిగినప్పుడూ అంతే. ఆవిడ మీద ఆవిడ గీతలో పావు వంతు బరువు పడి ఉంటే, ఇతని మీద ఇతని గీతలో పావు వంతే పడుతుంది. స్విట్జర్లాండు ప్రొఫెసరు నవ్వింది అందుకే.

ఆ గీత గీసిన రోజు గుంటూరు ల్యాబులో పెద్ద సందడి.

హైమవతికి చొక్కా తొడుక్కునే మనుషుల్ని తెచ్చిపెట్టింది ఆమె మేనత్త శేషారత్నం. తల్లి చిన్నప్పుడే పోతే హైమవతిని ఒళ్ళో వేసుకుని పెంచింది ఆవిడే. తెనాలిలో ఉంటుంది. రోజూ పొద్దుటి ప్యాసింజరులో గుంటూరు వచ్చి, బట్టల బజారులో ఒక దర్జీ దగ్గర కాజాలు కుడుతుంది. మిషను కాజాకీ ఆవిడ చేతి కాజాకీ తేడా గుండీ పెట్టుకున్నవాడికి తెలుస్తుందని ఆ దర్జీ అందరితోనూ అంటుంటాడు. భారమాపకం చొక్కాకి కాజాలు కుట్టింది కూడా ఆవిడే. "మా అమ్మాయి మిషనుకి ఇంకొకళ్ళు కుట్టేదేంది" అని లాక్కుని మరీ కుట్టింది.

రైల్లో ఆవిడకో జట్టు ఉంది. పూలమ్మే ఆవిడ, స్కూల్లో ఆయా, ఆస్పత్రిలో బట్టలుతికే ఆవిడ, చీరల కొట్లో నిలబడే పిల్లలు ఇద్దరు ముగ్గురు. ముందెక్కినవాళ్ళు కిటికీలోంచి తువాలు వేసి బల్ల పట్టేవాళ్ళు. ముగ్గురి బల్ల మీద అయిదుగురు. ఆరో మనిషి వచ్చి "కాస్త సర్దుకోండమ్మా" అంటే ఆవిడా పట్టేది. ఆ జట్టునంతా శేషారత్నం ల్యాబుకి వెంటబెట్టుకొచ్చింది.

అంతమంది ఆడవాళ్ళు పనులు మానుకుని వస్తే ఊరికే కూర్చోబెట్టి దారాలు చుట్టడం హైమవతికి మనసొప్పలేదు. జీడిపప్పు వేసిన ఉప్మా చేయించింది. ఫిల్టరు కాఫీ పోయించింది. వెళ్ళేటప్పుడు ఇవ్వడానికి జాకెట్టు ముక్కలూ, అరటిపళ్ళూ పళ్ళెంలో పెట్టి ఉంచింది.

"ఇది ప్రయోగమా, పేరంటమా మేడం?" అన్నాడు ప్రభుదాసు. ల్యాబులో మిషన్ల పని చూసేది అతనే. నోటికి హద్దు లేదు గానీ పనికి వంక పెట్టడానికి లేదు.

"ఇంటికొచ్చిన వాళ్ళకి కాఫీ కూడా ఇవ్వకుండా పంపిస్తారా?" అంది హైమవతి.

ముందు శేషారత్నమే తొడుక్కుంది. సంచుల్లోకి గాలి వదిలారు. "ఇబ్బందిగా ఉందా?" అని అడిగితే "పర్లేదమ్మా" అంది. ఇంకాస్త వదిలారు. "ఇప్పుడు?" "పర్లేదు, కానియ్యి." ముఖం కందిపోయింది, మెడ దగ్గర నరం లేచింది, మాట సన్నబడింది. "పర్లేదు" అనే అంది. చివరికి ఇంతకంటే నింపకూడదని పెట్టుకున్న హద్దు రాగానే మిషను దానంతటదే ఆగిపోయింది. ఆవిడ తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరితోనూ అదే వరస. ఎదురుచూపు ఎంతసేపు ఓర్చుకుంటారో చూద్దామని గడియారం లేని గదిలో కూర్చోబెడితే, పూలావిడ బుట్ట దించింది, అందరూ కలిసి మల్లెపూలు మాలలు కట్టేశారు. తలుపు తీసేసరికి "అప్పుడే అయిపోయిందా?" అన్నారు. ఛార్జీ పెంచుకుంటూ పోతూ ఎక్కడ ఎక్కువనిపించిందో చెప్పమంటే, "ఎంతైతే అంత, ఎక్కక తప్పుద్దా" అన్నారు.

వాళ్ళు వెళ్ళాక ప్రభుదాసు తెర ముందు చాలాసేపు కూర్చున్నాడు.

"మేడం, ఇది గీత కాదు. మిషను ఆగిన చోటు ఇది. వాళ్ళు ఆపమన్న చోటు కాదు. మళ్ళీ చేద్దాం."

"మనవాళ్ళ ఓర్పు అలాంటిది ప్రభుదాసూ."

"ఓర్పుకైనా హద్దుంటుంది కదండీ. ఇంత నున్నగా వస్తే నాకు అనుమానంగా ఉంది."

హైమవతికీ అనుమానం రాకపోలేదు. కానీ ఆ వెంటనే తలుపులకి వేలాడే మనుషుల బొమ్మ గుర్తొచ్చింది. చేతి మీద పడిన ఇంగ్రిడ్ చెయ్యి గుర్తొచ్చింది. "అదే గీత. వేసెయ్యి" అంది.

మొదటి స్థానం వచ్చాక సన్మానాలు మొదలయ్యాయి. రైలు యంత్రాంగంలో ఆ ప్రాంతానికి పెద్ద అధికారి కృపాకరరావు శాలువా కప్పి, తన గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. మెత్తటి మనిషి. ఎవరినీ నొప్పించే మాట అనడు.

"మీరు మా కళ్ళు తెరిపించారమ్మా," అన్నాడు. "ప్రజల ఓర్పు గీతకీ, మేం వాళ్ళ మీద వేస్తున్న భారానికీ మధ్య ఇంత ఖాళీ ఉందని మాకు తెలియదు."

ఖాళీ అనే మాట హైమవతికి కాస్త గుచ్చుకుంది. శాలువా భుజం మీదే ఉంది. చిరునవ్వు నవ్వి ఊరుకుంది.

ఆ ఖాళీని వాళ్ళు త్వరగానే నింపారు. పొద్దుటి ప్యాసింజరుకి రెండు పెట్టెలు ఊడదీశారు. మిగిలిన వాటిల్లో బల్లలు పీకేసి నిలుచునే పెట్టెలని పేరు పెట్టారు. ఛార్జీ కాస్త పెంచారు. ఎక్స్‌ప్రెస్సులకి దారివ్వడానికి ప్యాసింజరుని ఊరి బయట ఇదివరకటి కంటే ఎక్కువసేపు ఆపారు. ఇదంతా హైమవతికి ఫోనులో శేషారత్నమే చెప్పింది, పక్కింటి కబుర్లు చెప్పినట్టు.

"ఇప్పుడు బల్లల్లేవులే. తువాలేద్దామన్నా చోటేది? అందరం నిలబడే వస్తన్నాం. మాటలకి మాత్రం లోటు లేదు."

"ఇబ్బందిగా ఉందా అత్తా?"

"పర్లేదులే. నువ్వు వేళకి తింటన్నావా?"

హైమవతి తింటున్నానంది. ఫోను పెట్టేసి, ఆ రాత్రి రాయాల్సిన వ్యాసం రాసుకుంది.

వానాకాలం మొదట్లో ఒకరోజు మధ్యాహ్నం దర్జీ ఫోను చేశాడు. "మీ అత్తగారు పొద్దున్నించీ సూదిలోకి దారం ఎక్కిస్తానే ఉన్నారమ్మా. ఎక్కటంలా. చెయ్యి లేవటంలేదనిపిస్తంది. అడిగితే ఏం లేదంటన్నారు. మీరొకసారి రండి."

పొద్దున గుంటూరు బయట బండి ఆగిపోయింది. మధ్యలో ఎక్కినవాళ్ళు లోపలికి తోసుకున్నారు, లోపలివాళ్ళకి పోవడానికి చోటు లేక వెనక్కి తోశారు. తలుపు పక్కన నిలువు కడ్డీ ఉంటుంది. శేషారత్నం కుడిచెయ్యి ఆ కడ్డీకీ జనానికీ మధ్య మెలి తిరిగి ఇరుక్కుంది. బండి కదిలి స్టేషను చేరేదాకా అలాగే ఉంది. ఆవిడ అరవలేదు. పక్కన నిలబడినావిడతో ఆమె కూతురి పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుతూనే ఉందట.

ఆస్పత్రిలో డాక్టరు ఎక్స్‌రే తీయించి చూశాడు. భుజం కీలు తప్పింది, దాని కింద నరం నలిగింది. కీలు సర్దొచ్చు. నరం సంగతి చెప్పలేనన్నాడు, వేళ్ళకి మునుపటి పట్టు రావచ్చు, రాకపోవచ్చు.

"ఇంత నొప్పితో పొద్దున్నించీ ఎలా కూర్చున్నారమ్మా?" అని అడిగాడు.

"పర్లేదు బాబూ," అంది శేషారత్నం.

జాకెట్టు కింద ఆవిడ ఆ రోజు భారమాపకం చొక్కా వేసుకుని ఉంది. వారానికోసారి వేసుకుంటే చాలని హైమవతి ఎప్పుడో చెప్పింది, అయినా ఆవిడ రోజూ వేసుకోవడం మానలేదు. నర్సు దాన్ని కత్తిరించబోతే "వద్దమ్మా, మా అమ్మాయిది" అని ఒంటిచేత్తో అడ్డుకుంది. హైమవతే ఒక్కో గుండీ విప్పింది. కాజాలు ఎంత బిగువుగా ఉన్నాయంటే గుండీలు ఒక పట్టాన రాలేదు.

చొక్కాని ల్యాబుకి తీసుకెళ్ళి ప్రభుదాసుకి ఇచ్చింది. అతను తెర మీద ఆ ఉదయమంతా పరిచాడు. ఓర్పు గీత దాటితే కనిపించే ఎరుపు ఎక్కడా లేదు. తెనాలి నుంచి గుంటూరు దాకా ఒకే పచ్చ గీత. బండి ఆగిన చోట, చెయ్యి ఇరుక్కున్న చోట, చిన్న గుట్టలాంటిది లేచింది. అదీ ఓర్పు గీతకి బాగా కిందే ఉంది. మిషను లెక్కలో ఆ ఉదయం శేషారత్నం సుఖంగా ప్రయాణం చేసింది.

ప్రభుదాసు తెరని ఆమె వైపు తిప్పి, లేచి బయటికి వెళ్ళాడు. 'నేను ముందే చెప్పాను' అని ఒక్క మాట అనేసి ఉంటే ఆమెకి కాస్త తేలిగ్గా ఉండేది. మొదట ఆమెకి సిగ్గేసింది తన దేశాన్ని చూసి. ఇప్పుడు ఎవర్ని చూసి సిగ్గుపడాలో వెతుక్కోవాల్సిన పని లేదు. తెర నల్లబడినప్పుడు అందులో కనిపించిన మనిషే.

మర్నాడు ఆస్పత్రి గదిలో, బత్తాయి ఒలిచి తొనలు నోటికందిస్తూ అడిగింది.

"అత్తా, ఆ రోజు ల్యాబులో చొక్కా బిగుసుకున్నప్పుడు నిజంగా నొప్పి లేదా?"

శేషారత్నం గోడ వైపు చూసింది. "ఎందుకు లేదూ. పక్కటెముకలు ఇరిగినట్టే ఉండె."

"మరి పర్లేదన్నావ్?"

"ఏమంటానే? పిలిచి కూకోబెట్టి కడుపునిండా ఉప్మా పెట్టావు. కాఫీ ఇచ్చావు. తిని, మూతి తుడుచుకుని, ఇబ్బందిగా ఉందంటే తిన్నింటి వాసాలు లెక్కెట్టినట్టు ఉండదూ? పైగా నీ కింద పని చేసేవాళ్ళంతా చూస్తన్నారు. నీ మిషను మంచిదో కాదో తేల్చే పరీక్షనుకున్నా నేను. నొప్పంటే నీకు పేరు పోద్దేమోనని."

హైమవతి చేతిలో తొన అలాగే ఉంది. "మిగతావాళ్ళు?"

"వాళ్ళకి నేనే చెప్పా. మెట్లెక్కేటప్పుడు. అమ్మాయి ఎన్నిసార్లడిగినా పర్లేదనండి, దాన్ని చిన్నబుచ్చమాకండి అని." మేనకోడలి ముఖం చూసి, "ఏం, తప్పయిందా?" అంది.

"తప్పు నాది అత్తా. అడగడం చేతకాలేదు నాకు. చేతకాలేదని తెలిసి కూడా ఊరుకున్నాను."

"పర్లేదులే," అంది శేషారత్నం, ఎడంచేత్తో ఆమె తల నిమురుతూ. ఆ మాట విన్నాక హైమవతి ఇక అక్కడ కూర్చోలేక, పంపు దగ్గరికి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చింది.

ఇంగ్రిడ్‌కి ఫోను చేసి ఒక్కటే అడిగింది. "మీ దగ్గర గీత గీసేటప్పుడు వాళ్ళకి ఏమైనా పెట్టారా?"

"మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు," అంది ఇంగ్రిడ్. "ఎందుకు? ఇవ్వాలా?"

హైమవతి ఏడుస్తూనే నవ్వింది. తర్వాత జరిగినదంతా చెప్పింది. మొదటి స్థానం వెనక్కి తీసుకోమని రాస్తానంది. ఇంగ్రిడ్ కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనంలో మొదటి సభ నాటి చెయ్యి మళ్ళీ తగిలింది, అయినా హైమవతి ఈసారి ఓర్చుకుంది.

అంతకంటే తొందరగా ఆపాల్సింది ఇంకొకటి ఉంది. ఆ గీత చూసుకునే, యంత్రాంగం తన కిందున్న ప్యాసింజర్లన్నిటికీ నిలుచునే పెట్టెలు వేయబోతోంది. ఆ నిర్ణయానికి కృపాకరరావు గదిలో సమావేశం పెట్టారు. అంకెలు వివరించమని హైమవతినే పిలిచారు. సమావేశంలో అది ఖాయమైతే, తెనాలి బండిలో జరిగింది ప్రతి లైను మీదా జరుగుతుంది, ప్రతిచోటా తెర మీద పచ్చ గీతే కనిపిస్తుంది.

చెయ్యి మెడకి వేలాడదీసుకుని శేషారత్నమూ వస్తానంది. "నేనన్న మాటకి నీకు మాటొచ్చింది. నేను రాకపోతే ఎట్టా," అంది. చెప్పినా వినలేదు.

కృపాకరరావు ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. శేషారత్నానికి మెత్తటి కుర్చీ వేయించాడు. "చేతికేమైందమ్మా, అయ్యో," అన్నాడు. మొదటి స్థానానికి పైనుంచి వచ్చిన అభినందన పత్రం చదివి, హైమవతికి ఇంకో శాలువా కప్పాడు. అధికారులు నలుగురూ చప్పట్లు కొట్టారు. జీడిపప్పు, బిస్కట్లు, కాఫీ వచ్చాయి. "తీసుకోండి, తీసుకోండి, చల్లారిపోతుంది," అని కప్పు తనే చేతికిచ్చాడు. హైమవతి తాగింది.

తర్వాత చెప్పింది. గీత తప్పని, తన వల్లే తప్పిందని, మొదటి స్థానం అబద్ధమని, ఆ గీతని నమ్మి బల్లలు పీకొద్దని. ఏదీ దాచలేదు.

కృపాకరరావు శ్రద్ధగా విన్నాడు. "అంకెలు ఇచ్చింది మీరే. కాదనేదీ మీరే. మేం దేన్ని నమ్మాలమ్మా?" అన్నాడు, కోపం లేకుండానే. "బల్లలు తీసి ఇన్ని నెలలైంది. ఒక్క ఫిర్యాదు రాలేదు. అడక్కపోతే అమ్మయినా పెట్టదు కదా."

"చూపిస్తాను సార్," అంది హైమవతి. "గీతతో లెక్కకట్టకుండా, ఆ రోజు మా అత్త మీద ఎంత బరువు పడిందో అంతా పడేలా పెడతాం. మీలో ఎవరైనా తొడుక్కోండి."

అధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకరికి రక్తపోటు, ఒకరికి నడుము. "మీరే తొడుక్కోండి, మేం చూస్తాం," అన్నాడు కృపాకరరావు.

ప్రభుదాసు చొక్కా తెచ్చాడు. హైమవతి శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, గొంతు దాకా గుండీలు పెట్టుకుంది. కీలు తప్పేంత దాకా పోకుండా ఒక హద్దు పెట్టి, ప్రభుదాసు మీట నొక్కాడు.

ముందు వీపు మీద ఒక మోకాలు. తర్వాత రెండు పక్కలా రెండు మోచేతులు. తర్వాత అవన్నీ కలిసిపోయి గోడలాగా మీదికి వచ్చాయి. ఊపిరి సగం దాకా వెళ్ళి తిరిగొస్తోంది. కుడి భుజం వెనక్కి తిరిగింది, ఇంకా తిరిగింది, వేళ్ళ చివర్ల దాకా మంట పాకింది. ఇన్ని నెలలు పచ్చ గీతగా తను చూసింది ఇదన్నమాట. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కృపాకరరావు కుర్చీలోంచి ముందుకు వంగాడు. మంచి మనిషి, మనసారా అడిగాడు. "ఇబ్బందిగా ఉందా అమ్మా?"

నలుగురూ ఆమెనే చూస్తున్నారు. ఎదురుగా ఆయన చేత్తో ఇచ్చిన కాఫీ కప్పు ఉంది. పక్కన ఆయన కప్పిన శాలువా ఉంది. హైమవతి నోరు తెరిచింది.

"పర్లేదండీ," అంది.

అనేశాకే ఆ మాట తనకీ వినపడింది. గదిలో కుర్చీలు కదిలాయి. ఎవరో తేలిగ్గా ఊపిరి వదిలారు. కృపాకరరావు ముఖం విచ్చుకుంది, మిగతా ముగ్గురి వైపు తిరిగి, "చూశారుగా," అన్నాడు. ప్రభుదాసు మీట మీద వేలు పెట్టుకుని, నమ్మలేనట్టు ఆమె వైపు చూశాడు. కాదని చెప్పాలని హైమవతి మళ్ళీ నోరు తెరిచింది, కానీ మాటకి చాలినంత ఊపిరి రాలేదు. ఇంత చదివి, ఇంత జరిగాక, తన ఒంటి మీదికి వచ్చినప్పుడు కూడా అబద్ధమే చెప్పింది. నేల చీలితే బాగుండనిపించింది.

"అబద్ధం," అంది శేషారత్నం.

ఆవిడ మెత్తటి కుర్చీలోంచి లేచి నిలబడింది. "అది అబద్ధం చెప్తందయ్యా. నొప్పిగా ఉంది దానికి. చిన్నప్పుడు జొరమొచ్చినా ఇట్టాగే నవ్వుమొహం పెట్టేది. ఇప్పేయండి ముందు."

ఎవరూ కదలకముందే మేనకోడలి దగ్గరికి వచ్చి, ఎడంచేత్తో గొంతు దగ్గర గుండీ పట్టుకుంది. ఒంటిచేత్తో అది రాలేదు. "ఇంత బిగువుగా ఎందుక్కుట్టానో ఈ మాయదారి కాజాలు," అంది, ఏడుపు గొంతుతో. ప్రభుదాసు మీట ఆపాడు. చొక్కా వదులైంది. హైమవతి అత్త భుజం మీదికి ఒరిగింది, కట్టు లేని వైపు.

కృపాకరరావు లేచి నిలబడ్డాడు. "ఆవిడకి నొప్పని మీకెలా తెలుసమ్మా?"

"అది నా నొప్పేగా బాబూ. నాకు తెలవదా?"

కృపాకరరావు ఆ వేలాడే చేతిని చూశాడు. ఏదో అడగడానికి ఇబ్బంది పడ్డాడు. చివరికి అడిగాడు.

"మరి ఆ రోజు రైల్లో, మీకు ఇబ్బందిగా ఉందా?"

శేషారత్నం బల్ల మీద తనకోసం పెట్టిన కాఫీ వైపు చూసింది. సగం తాగి ఉంది. ఎడంచేత్తో ఆ కప్పుని మెల్లగా దూరంగా జరిపింది.

"ఉంది బాబూ," అంది. "ఎప్పుడూ ఉంది."

ప్రభుదాసు తెర మీద పాత గీత చెరిపేశాడు. హైమవతి అత్త ఎడంచెయ్యి పట్టుకుని నిలబడింది గానీ, ఎంతసేపటికీ తల పైకెత్తలేకపోయింది.